వెనక నుంచి చదివితే

ట్రెగారన్ దాటి రెండు మైళ్ళు.
మా వీధిలో ఇళ్ళకి నంబర్లు లేవు.
అసలు వీధే లేదు.
పోస్టు వ్యాను నడిపే ఎలెరికి
ప్రతి గడపా పేరుతోనే తెలుసు.
మనుషుల్ని కూడా ఇక్కడ పొలం పేరు పెట్టే పిలుస్తారు.
నేను పశువుల డాక్టర్ని, అంతవరకే.

మార్చి. గొర్రెలు ఈనే కాలం.
ఎమ్రిస్ మందలో మూడు ఈసుకుపోయాయి.
నెత్తురు తీసి పంపి, ఫలితం రాగానే
రాత్రి పదకొండుకి రాశాను:
"మిగతావాటిని విడదీయండి.
కడుపుతో ఉన్న మీ కోడల్ని
కొట్టం దరిదాపులకి రానివ్వకండి."

మూడు రోజులు ఆ ఉత్తరం ఆయన చెత్తబుట్టలో ఉంది,
లాటరీ తగిలిందన్న కబురుకీ
మోకాళ్ళ నొప్పుల మాత్రలకీ మధ్య.
ఆ వారం కోడలు పుట్టింట్లో ఉంది.
అదృష్టం అనే మాట నాకు నచ్చదు,
ఇంకో మాట దొరకలేదు.

తప్పు నాదే.
అందరూ హోటల్లో తింటుంటే
మెట్లకింద అలమరలో సొంత పొయ్యి పెట్టుకున్నాను:
పాత కంప్యూటరు, నా మెయిలు, నా మొండితనం.
అవతలి సర్వరు నా అంకెల్ని నిలబెట్టి అడిగిందట,
"ఎవరింటి దానివే?"
రూటరు ఆగి వెలిగినప్పుడల్లా మారిపోయే అద్దె అంకెలు,
ఏం చెప్తాయి?

ఫోన్లు మొదలుపెట్టాను.
పెద్ద కంపెనీ అబ్బాయి నవ్వాడు,
"ఇంటికి స్టాటిక్ ఎందుకండీ, ఆటలకా?"
చవక కంపెనీ వాళ్ళది ఒకే గుమ్మం,
లోపల వెయ్యి కాపురాలు.
ఎవడో ఒకడు దొంగతనం చేస్తే
అందరి మొహానా తలుపు పడుతుంది.
మూడో చోట స్టాటిక్ ఇస్తారట, రెండేళ్ళ ఒప్పందం.
"మరి రివర్స్?" అన్నాను.
ఆమె ఆ మాటే వినలేదు. హోల్డ్‌లో పెట్టింది.
ఇరవై రెండు నిమిషాల పియానో.
ఆ వ్యవధిలో చిరిగిన పొదుగు కుట్టేయొచ్చు.

అబరిస్ట్‌విత్‌లో ముగ్గురే ఉన్న ఆఫీసు.
నెలకి తొమ్మిది పౌండ్లు ఎక్కువ.
రెండో రింగుకి రోడ్రి తనే ఎత్తాడు.
"ఎనిమిది అంకెల వరస ఇస్తాం, అయిదు మీ వాడకానికి.
రివర్స్‌లో ఏం పేరు రాయమంటారు?"

ఈ ప్రశ్న కోసమే నెలరోజులు తిరిగాను,
తీరా అడిగితే నోరు పెగల్లేదు.
పేరు నుంచి అంకెకి ఎవరైనా వస్తారు.
అంకె నుంచి పేరుకి వెళ్ళే దారి మాత్రం
ఆ అంకెలు ఎవరివో వాళ్ళే వెయ్యాలి.
క్లినిక్ పేరు చెప్పొచ్చు.
లైసెన్సు మీదున్న మెట్టింటి పేరు చెప్పొచ్చు.

"గొర్రెపాటి" అన్నాను.

గుడివాడలో ఆరో తరగతి,
హాజరు పిలిచిన ప్రతి ఉదయం
వెనక బెంచీ మొత్తం మే మే అనేది.
పెళ్ళిలో ఇంటిపేరు మారుతుందని తెలిసినప్పుడు
అందరూ ఏడ్చే చోట
నేను కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను.
ఇప్పుడు ఒక్కో అక్షరం విడగొట్టి
వెల్ష్ మనిషికి చెప్తున్నాను, జీ, ఓ, రెండు ఆర్‌లు.

సాయంత్రానికి పని అయిందన్నాడు.
అంకెల్ని తిరగేసి కొట్టి చూడాలి,
చివరిది ముందు, మొదటిది చివర.
అంకానాం వామతో గతిః అంటూ
పద్యంలో శకవర్షం విప్పిన తెలుగు మాస్టారు
ఎందుకో గుర్తొచ్చారు.
తెర మీద ఒక్క క్షణం ఏమీ లేదు.
తర్వాత మా ఇంటిపేరు.

మర్నాడు ఎమ్రిస్ ఫోను.
రెండో మందు తారీఖు అందిందట, సరైన పెట్టెలోనే.
కొడుకెవరో ఉత్తరం కింద దాగిన అడ్రసు విప్పి చూపించాడట.
"ఈ గొ... గొరె... ఎవరు?"
చెప్పాను. అర్థం కూడా చెప్పాను.
అటువైపు కాసేపు మాట లేదు,
మంద మాత్రం ఆగకుండా అరుస్తోంది.

"ఫరవాలేదు," అన్నాను, "నవ్వండి."